60 గ్రెయిన్ల బుల్లెట్ 1:16 ట్విస్టులో నిలవడం లేదు: వేగం పెంచితే కుదురుతుందా?

గాజువాక నుంచి, ప్రోన్ అభ్యాసి:
నమస్కారం. విశాఖలో ఏడాదిగా .22 రైఫిల్‌తో 50 మీటర్ల ప్రోన్ (బోర్లా పడుకుని కాల్చే) సాధన చేస్తున్నాను. నా బ్యారెల్ ట్విస్టు 1:16, అంటే బుల్లెట్ 16 అంగుళాలు ముందుకు వెళ్లేలోపు ఒక చుట్టు తిరుగుతుంది. రోజూ వాడే 40 గ్రెయిన్ల (గ్రెయిన్ అంటే సుమారు 0.065 గ్రాము) తూటాలతో గ్రూపు చక్కగా వస్తోంది, అంటే రంధ్రాలు దగ్గరదగ్గరగా పడుతున్నాయి. గత ఆదివారం 60 గ్రెయిన్ల సబ్‌సోనిక్ (ధ్వని కన్నా తక్కువ వేగంతో పోయే) తూటాలు ఐదు కాలిస్తే రెండు కాగితాన్నే తాకలేదు. తాకిన మూడింటిలో ఒక రంధ్రం కోడిగుడ్డులా సాగి ఉంది, మరొకచోట బుల్లెట్ పక్కవాటుగా దూసుకుపోయి తన నిలువు ఆకారాన్నే అచ్చు వేసింది. బరువు ఎక్కువై వేగం తగ్గినందువల్లే ఇలా జరిగిందని తోటివారు అన్నారు. ఇదే బరువులో వేగం ఎక్కువున్న తూటా తెచ్చుకుంటే సరిపోతుందా?

సీతమ్మధార నుంచి, విశ్రాంత ఫిజిక్స్ అధ్యాపకుడు:
సరిపోదండి. బరువు కన్నా ముందు పొడవును చూడాలి. వ్యాసం మారకుండా బరువు పెంచాలంటే సీసాన్ని పొడవుగా పోయక తప్పదు, పొడవైన బుల్లెట్‌ను గాలి ముక్కు దగ్గర పట్టి తిరగవేయడం సులభం కాబట్టి దాన్ని నిలబెట్టడానికి బొంగరాన్ని తిప్పినట్లు మరింత జోరుగా తిప్పాలి. ఇంగ్లండ్‌లోని వూలిచ్‌లో గణితం బోధించిన గ్రీన్‌హిల్ 1879లో ఇచ్చిన సూత్రం ఈనాటికీ మొదటి అంచనాకు పనికొస్తుంది: వ్యాసం వర్గాన్ని 150తో గుణించి పొడవుతో భాగిస్తే కావలసిన ట్విస్టు అంగుళాల్లో వస్తుంది. వ్యాసం 0.223, పొడవు 0.45 అంగుళం అనుకుంటే సుమారు 16.6 వస్తుంది, మీ బ్యారెల్ సరిగ్గా ఆ కోవలోదే. మీ 60 గ్రెయిన్లదిలా పొడవు పెరిగి 0.68 అయితే 11కు దిగుతుంది, అంటే బుల్లెట్ 11 అంగుళాలకే ఒక చుట్టు తిరగాలి. ఇక వేగం సంగతి: తర్వాత వచ్చిన మిల్లర్ సూత్రంలో స్థిరత్వం వేగపు ఘనమూలాన్ని మాత్రమే అనుసరిస్తుంది, కనుక వేగం 25 శాతం పెంచినా లాభం 8 శాతానికి మించదు. ట్విస్టు ప్రభావం వర్గంలో ఉంటుంది. 16 నుంచి 9కి మారితే స్థిరత్వం మూడు రెట్లు దాటుతుంది. పైగా వేగం పెంచితే ధ్వని వేగం అడ్డొస్తుంది. మన దగ్గర 30 డిగ్రీల ఎండలో అది సెకనుకు సుమారు 349 మీటర్లు. దాన్ని దాటి బయలుదేరిన బుల్లెట్ దారిలో మళ్లీ ఆ గీత కిందికి దిగేటప్పుడు కుదుపుకు లోనవుతుంది.

మద్దిలపాలెం నుంచి, పాత షూటర్:
మాస్టారి మాటకు ఒకటి చేరుస్తాను. చల్లని గాలి చిక్కగా ఉంటుంది కాబట్టి అంచున ఉన్న బుల్లెట్ అక్కడ ముందుగా తడబడుతుంది. అమెరికా సైన్యం తొలినాటి 1:14 ఎం16 రైఫిల్ బ్యారెల్‌ను చలి పరీక్షల తర్వాత 1:12కు మార్చింది ఇందుకే. కనుక మన తీరపు వేడిలో ఎలాగో నిలిచిన తూటాను నమ్మి చలిప్రాంతపు పోటీకి వెళ్లవద్దు. ముందు రైఫిల్ ఖాళీగా ఉందని చూసుకుని ట్విస్టును మీరే కొలవండి: బిగుతైన గుడ్డ చుట్టిన, స్వేచ్ఛగా తిరిగే క్లీనింగ్ రాడ్‌పై గుర్తు పెట్టి, నెమ్మదిగా తోస్తూ ఆ గుర్తు మళ్లీ పైకి వచ్చేసరికి రాడ్ ఎంత దూరం పోయిందో స్కేలుతో చూడండి. అడ్డంగా పోయే బుల్లెట్ ఎక్కడ తగులుతుందో చెప్పలేం, అందుచేత మిగిలిన 60 గ్రెయిన్ల తూటాలను ఈ బ్యారెల్‌లో కాల్చవద్దు.

గాజువాక నుంచి, ప్రోన్ అభ్యాసి:
మూడుసార్లు కొలిచాను, ప్రతిసారీ 16 అంగుళాలకు నూలువాసి అటూ ఇటూగా వచ్చింది. మిగిలిన తూటాలను క్లబ్బు ఆయుధాగారంలో తిరిగి అప్పగించాను. ఇద్దరికీ కృతజ్ఞతలు, 40 గ్రెయిన్లతోనే సాధన కొనసాగిస్తాను.