రిటైరైన నాన్నగారికి వాలంటీర్ పని ఏది బావుంటుంది?

ప్రశ్న: నాన్నగారు రిటైరయ్యాక రోజంతా టీవీ ముందే, మనిషి బాగా డల్ అయిపోయారు, మోకాళ్ళ నొప్పులతో ఎక్కువ తిరగలేరు కూడా. ఏమైనా చెప్పండి ప్లీజ్.

రిప్లై 1: కూర్చుని చేసేవి చాలా ఉన్నాయండీ. బీ మై ఐస్ యాప్ చూడండి, చూపులేనివాళ్ళు వీడియో కాల్ చేసి మందు సీసా మీద ఎక్స్‌పైరీ డేట్ ఎంతుందో అడుగుతారు, చదివి చెప్తే చాలు.

రిప్లై 2: అమెరికాలో 50 దాటినవాళ్ళ మీద 2020లో ఒక స్టడీ వచ్చింది, ఏడాదికి 100 గంటలు అంటే వారానికి 2 గంటలు చేసినా ఒంటరితనం, డిప్రెషన్ లక్షణాలు తక్కువగా కనిపించాయట. కాబట్టి రోజంతా చేయక్కర్లేదు.

రిప్లై 3: మీరే డిసైడ్ చేసేయకండి, ఆయన్నే అడగండి. అకౌంట్స్ చూసిన మనిషైతే ఏదైనా లైబ్రరీకో ఆశ్రమానికో లెక్కలు రాసిపెట్టొచ్చు, తెలిసిన పనైతే వెళ్ళాలనిపిస్తుంది.

ప్రశ్న అడిగినవారు: అవునండీ, అకౌంట్సే! ఈరోజే అడుగుతా.