డాల్‌స్టన్ కెఫే ఓటోలో వచ్చే కచేరీలు: పేర్లు ఒక్కటీ తెలియనప్పుడు ఏ రోజు ఎంచుకోవాలి?

మృదంగం_రాజమండ్రి:
అన్నలకీ అక్కలకీ నమస్తే. ఎమ్మెస్సీ చదవడానికి లండన్ వచ్చాను, ఇల్‌ఫోర్డ్‌లో ఉంటున్నా. చిన్నప్పటి నుంచీ మృదంగం నేర్చుకున్నాను, ఇక్కడికొచ్చాక ఎదురుగా కూర్చుని పాట విన్నది లేదు, చెవులు వాచిపోయి ఉన్నాయి. క్లాసులో ఒకమ్మాయి తూర్పు లండన్ డాల్‌స్టన్‌లో కచేరీలు జరిగే కెఫే ఓటో గురించి చెప్పింది. వెబ్‌సైట్‌లో రాబోయే కచేరీలన్నీ వరసగా ఉన్నాయి గానీ ఒక్క పేరూ నాకు తెలియదు. శాక్సోఫోన్, ఎలక్ట్రానిక్స్, డ్రమ్స్ అని వాయిద్యాలు మాత్రం రాశారు. దేనికి వెళ్ళాలి? టికెట్ ముందే కొనాలా? ఒక్కడినే వెళ్తే ఇబ్బందిగా ఉంటుందా? రాత్రి ఇల్‌ఫోర్డ్ చేరడం ఎలా అన్నది ఇంకో టెన్షన్.

హాక్నీ_పాతకాపు:
తమ్ముడూ, నువ్వు పేర్లు చూడకు, వాయిద్యాలే చూడు. అక్కడ వాయించేది ఎక్కువగా ముందు అనుకోకుండా అప్పటికప్పుడు పుట్టించే సంగీతం, కాబట్టి పేరున్నవాళ్ళే కావాలని కూర్చుంటే మంచివి చేజారిపోతాయి. నీది మృదంగం గనక డ్రమ్స్ లేదా పర్కషన్ అని రాసి, ఇద్దరు ముగ్గురే ఉన్న రోజు పట్టుకో. మనుషులు తక్కువైతే ఎవరు ఏం చేస్తున్నారో చెవికి విడివిడిగా తెలుస్తుంది. అక్కడ ఎత్తయిన వేదిక ఉండదు, వాయించేవాళ్ళు నీ ముందు నేల మీదే ఉంటారు. డ్రమ్మర్ సింబల్ (డ్రమ్స్‌తో ఉండే లోహపు పళ్ళెం) అంచుకి వయొలిన్ కమాను ఆనించి మెల్లగా లాగుతుంటే, మొదట ఏమీ వినిపించక, తర్వాత సన్నగా మొదలైన నాదం గది మొత్తం నిండిపోవడం అంత దగ్గర నుంచి చూస్తే, మృదంగం వాయించే నీకు మా కంటే ఎక్కువ అర్థమవుతుంది.

ఇంకో మాట, మన సభల్లోలాగా తాళం వేస్తూ వినే అలవాటుంటే అక్కడ చేతులు కట్టేసుకో. వాయిస్తున్నంతసేపూ జనం కదలరు, మాట్లాడరు. ఒంటరిగా వచ్చేవాళ్ళు బోలెడు మంది, ఎవరూ నిన్ను వింతగా చూడరు. తాగకపోయినా ఎవరూ ఏమీ అనరు.

టికెట్ మాత్రం ముందే కొను. మామూలుగా 10 నుంచి 20 పౌండ్ల మధ్య ఉంటుంది, ముందు కొంటే గుమ్మం దగ్గర కంటే తక్కువ పడుతుంది. నీ డబ్బు మిగలడం ఒకటే కాదు, ఇలాంటి చోటు బతకాలంటే ఎంతమంది వస్తారో వాళ్ళకి ముందు తెలియాలి. 2023 ఒక్క ఏడాదిలోనే బ్రిటన్‌లో 125 చిన్న వేదికల్లో లైవ్ మ్యూజిక్ ఆగిపోయిందని మ్యూజిక్ వెన్యూ ట్రస్ట్ లెక్క తేల్చింది. ఓటో 2008 నుంచి నిలబడి ఉందంటే అది వచ్చేవాళ్ళ పుణ్యమే.

వైట్‌చాపెల్_లక్ష్మి:
దారి సంగతి నేను చెప్తా. ఇల్‌ఫోర్డ్‌లో ఎలిజబెత్ లైన్ ఎక్కి వైట్‌చాపెల్‌లో దిగు, అక్కడ ఓవర్‌గ్రౌండ్ విండ్‌రష్ లైన్‌కి మారితే డాల్‌స్టన్ జంక్షన్. స్టేషన్ బయటికొస్తే ఓటో ఉన్న ఆష్విన్ స్ట్రీట్ పక్కనే. కచేరీలు సాధారణంగా అర్ధరాత్రి కాకముందే అయిపోతాయి కాబట్టి అదే దారిలో వెనక్కి రావచ్చు. ఎలిజబెత్ లైన్ రాత్రంతా ఉండదు, అది తప్పిపోతే వైట్‌చాపెల్ నుంచి 25 నంబరు బస్సు ఇల్‌ఫోర్డ్ దాకా 24 గంటలూ నడుస్తుంది. ఫోన్ ఛార్జింగ్ చూసుకో అంతే.

సాయంత్రం_శ్రోత:
పాతకాపు గారితో నేను ఒప్పుకోను. మొదటిసారే ఓటోకి పంపితే, పాట ఎక్కడ మొదలైంది, ఎక్కడ అయిపోయింది అని అబ్బాయి బెంగపడతాడు. అక్కడికి దగ్గర్లోనే గిలెట్ స్క్వేర్‌లో వోర్టెక్స్ జాజ్ క్లబ్ ఉంది, ముందు అక్కడికి పంపండి. జాజ్‌లో ముందు రాగంలాంటి వరస ఒకటి వాయించి, దాని మీద ఒక్కొక్కరూ అల్లుకుంటూ పోతారు, డ్రమ్మర్‌కీ వంతు వస్తుంది, మన తని ఆవర్తనం (కచేరీలో మృదంగం ఒక్కటే వాయించే భాగం) విన్నవాడికి అది వెంటనే ఎక్కుతుంది. వోర్టెక్స్ చాలావరకు వాలంటీర్ల మీదే నడుస్తుంది కూడా. చేతిలో డబ్బు లేకపోతే అక్కడ సాయం చేస్తానని అడగవచ్చు, కాకపోతే స్టూడెంట్ వీసా మీద అది వారానికి 20 గంటల పని లెక్కలోకి వస్తుందేమో యూనివర్సిటీ వాళ్ళని కనుక్కున్నాకే.

హాక్నీ_పాతకాపు:
శ్రోత గారూ, వోర్టెక్స్ మంచిదే, కాదనను. కానీ ఈ అబ్బాయికి లయ తెలుసు, ఆ గొడవ లేదు. పైగా మొదట సుఖంగా ఉన్నది విన్నవాళ్ళు రెండోదాని జోలికి పోకపోవడం నేను చాలామందిలో చూశాను.

మృదంగం_రాజమండ్రి:
అందరికీ చాలా థాంక్స్. రెండు రోజులకీ టికెట్లు కొనేశా, ఓటోలో డ్రమ్స్, శాక్సోఫోన్ ఇద్దరే ఉన్న శుక్రవారం, ఆ తర్వాతి వారం వోర్టెక్స్. మరి మృదంగం చేతిలో లేక చాలా రోజులైంది, సాధనకి ఎక్కడైనా చోటుందా?

వైట్‌చాపెల్_లక్ష్మి:
వెస్ట్ కెన్సింగ్టన్‌లో భారతీయ విద్యాభవన్ ఉంది కదా, మృదంగం నేర్పిస్తారు, కర్ణాటక కచేరీలు కూడా పెడతారు. వెళ్ళి అడుగు, నీ వయసు పిల్లలు కలుస్తారు.