కలబంద క్రీముకి ప్రిజర్వేటివ్: ఫినాక్సీఇథనాలా, బెంజోయేటా, అసలు వద్దా?

గుంటూరు_కోడలు:
కలబంద గుజ్జు, బాదం నూనె, నూనెనీ నీటినీ కలిపి ఉంచే ఎమల్సిఫయింగ్ వ్యాక్స్‌తో ఇంట్లో క్రీము చేద్దామని. నాకూ, మా రెండేళ్ళ పాపకీ. క్రీము పాడవకుండా విటమిన్ ఇ చాలని ఒకరు, ఫినాక్సీఇథనాల్ అనే ప్రిజర్వేటివ్ తప్పదని ఇంకొకరు. కెమికల్స్ వద్దనే కదా ఇంట్లో చేసుకునేది! ఏది వేయమంటారు?

పచ్చని_పెరడు:
ఏదీ వద్దండి. విటమిన్ ఇ వేసి ఫ్రిజ్‌లో పెట్టండి. కావాలంటే గ్రేప్‌ఫ్రూట్ గింజల సారం కలపండి, అదైతే సహజం. 2004లో బ్రిటన్‌లో రొమ్ము కణితుల్లో పారాబెన్లు (క్రీముల్లో వేసే ఒక రకం ప్రిజర్వేటివ్‌లు) దొరికాయని చదివాక నాకు ఈ సీసాల మీద నమ్మకం పోయింది.

ల్యాబ్_కోటు:
విటమిన్ ఇ నూనె పాడై వాసన రాకుండా ఆపుతుంది. బ్యాక్టీరియాని, బూజుని అది ఏమీ చేయదు. కలబంద గుజ్జంటే నీళ్ళు, చక్కెరలు. సూక్ష్మజీవులకి విందు! ఫ్రిజ్ వాటిని నెమ్మదింపజేస్తుంది, చంపదు. క్రీము రంగు, వాసన మారకముందే లక్షల్లో పెరిగి ఉంటాయి. సూడోమోనాస్ లాంటి బ్యాక్టీరియా కంట్లో పడితే చూపుకే ముప్పు.

ఇక ఆ గింజల సారం. మార్కెట్లో కొన్న నమూనాలను పరీక్షిస్తే కొన్నింట్లో బెంజెథోనియం క్లోరైడ్ లాంటి కృత్రిమ ప్రిజర్వేటివ్‌లే బయటపడ్డాయి. సహజమని మనం మురిసిపోవడమే! 2004 పరిశోధనలో చూసింది 20 కణితులు. పక్కన ఆరోగ్యకరమైన కణజాలంతో పోల్చలేదు, పారాబెన్లే కారణమని తేల్చలేదు. మిథైల్ పారాబెన్‌ని యూరప్ ఇప్పటికీ 0.4% వరకు అనుమతిస్తోంది.

పచ్చని_పెరడు:
మరి మన అమ్మమ్మలు ఏం కలిపారండీ?

డాలస్_పిన్ని:
వాళ్ళు క్రీములు చేయలేదు కదమ్మా. నలుగుపిండి పొడిగా డబ్బాలో ఉండేది, స్నానానికి ముందు తడిపేవారు, తడిపింది దాచేవారు కాదు. నీళ్ళే లేనప్పుడు ప్రిజర్వేటివ్ ఎందుకు?

పీహెచ్_పట్టీ:
నా ఓటు సోడియం బెంజోయేట్, పొటాషియం సోర్బేట్ జంటకి. ఊరగాయల్లో, జామ్‌లలో పడేవే. అయితే క్రీము పీహెచ్ (పులుపు ఎంతో చెప్పే కొలత, అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) 5 లోపే ఉండాలి, సిట్రిక్ యాసిడ్‌తో దింపుకోండి. విటమిన్ సి మాత్రం కలపొద్దు, బెంజోయేట్‌తో కలిస్తే బెంజీన్ తయారయ్యే అవకాశం ఉంది.

ల్యాబ్_కోటు:
పీహెచ్ 5 దగ్గర కూడా బెంజోయేట్‌లో పనికొచ్చే రూపం ఏడో వంతే. 6 దగ్గర దాదాపు లేనట్టే. పైగా ఆ జంట బూజు మీద గట్టిది, బ్యాక్టీరియా మీద బలహీనం. కొత్తగా చేసేవాళ్ళకి ఫినాక్సీఇథనాల్, ఇథైల్‌హెక్సైల్‌గ్లిజరిన్ కలిపి అమ్మే మిశ్రమమే మేలంటాను. పీహెచ్ కాస్త అటూ ఇటూ అయినా పనిచేస్తుంది. యూరప్‌లో ఫినాక్సీఇథనాల్ పరిమితి 1%, అంటే 100 గ్రాములకి 1 గ్రాము. వంటింటి కాటా దీనికి చాలదు, పాయింట్లలో చూపించేది కొనుక్కోండి. చెంచా లెక్కలు వద్దు.

గుంటూరు_కోడలు:
పాపకి పరవాలేదా మరి?

ల్యాబ్_కోటు:
మూడేళ్ళ లోపు పిల్లలకి డైపర్ కట్టే చోట ఫినాక్సీఇథనాల్ వద్దని 2012లో ఫ్రాన్స్ ఔషధ సంస్థ చెప్పింది. 2016లో యూరప్ శాస్త్రీయ కమిటీ 1% వరకు పిల్లలకీ సురక్షితమేనంది. ఇద్దరూ నిపుణులే. నేనైతే పాపకి క్రీమే చేయను. బాదం నూనె, తేనెమైనం కరిగించి బామ్ చేస్తాను. అందులో నీళ్ళుండవు కాబట్టి తడివేళ్ళు పెట్టకపోతే చాలు.

పచ్చని_పెరడు:
బామ్ సరే. క్రీము విషయంలో నా మాట మారలేదు. రెండు రోజులకి సరిపడా చేసుకుని, మిగిలితే పారేస్తాను.

ల్యాబ్_కోటు:
మీ ఒంటికి మీ ఇష్టం అండి. పక్కింటివాళ్ళకి అమ్మడం మొదలుపెడితే మాత్రం అది వేరే లెక్క, 2020 కాస్మెటిక్స్ రూల్స్ కింద తయారీ లైసెన్స్ కావాలి.