డిసెంబరు 20 సెమీ క్రిస్మస్, పిల్లల హాకీ: పనుల పంపకం (వినిపెగ్, కెనడా)

కార్యదర్శి, డిసెంబరు 9, రాత్రి 9.40

అందరికీ నమస్కారం. సెమీ క్రిస్మస్‌కు పదకొండు రోజులే ఉన్నాయి కనుక పనులు ఇప్పుడే పంచుకుందాం. సాయంత్రం 4 గంటలకు అరీనా పక్క హాలులో క్యారల్స్, 5 నుంచి 6.15 వరకు మంచు మీద పిల్లల హాకీ, ఆ తర్వాత భోజనాలు. మొదటి గోలు పడగానే టెడ్డీబేర్లు విసురుతాం. కొత్తగా వచ్చినవారి కోసం చెబుతున్నాను: 1993 డిసెంబరులో కెనడాలోని కామ్లూప్స్ ఊరి ఐస్ హాకీ జట్టు మొదలుపెట్టిన ఆనవాయితీ ఇది, మన ఊరి హాకీ జట్టు మూస్ కూడా పాటిస్తోంది. మంచు మీద పడిన బొమ్మలన్నీ పోగుచేసి పిల్లలకు పంచిపెడతారు. వేదిక అలంకరణ, మైకులు, అద్దె స్కేట్లు, బొమ్మల సేకరణ, కేకు, కార్ల పార్కింగ్: ఎవరు ఏ పని చూస్తారో రేపు సాయంత్రంలోగా తెలియజేయగలరు.

భోజనాల బాధ్యురాలు, డిసెంబరు 9, రాత్రి 10.15

నూటపది మందికి బిరియానీ, పెరుగు పచ్చడి, అరిసెలు నేను చూసుకుంటాను. అరిసెల పాకం పట్టే రోజు ఇద్దరు సాయానికి వస్తే చాలు.

యువజన విభాగం, డిసెంబరు 10, మధ్యాహ్నం 1.05

అరీనా వారి నుంచి ఇప్పుడే ఉత్తరం వచ్చింది. మంచు మీద జరిగే ఆటకు ఎవరికైనా గాయమైతే పరిహారం చెల్లించే 20 లక్షల డాలర్ల బాధ్యతా బీమా పత్రం చూపించాలట. మన సంఘం బీమా హాలు కార్యక్రమాలకే వర్తిస్తుందని, స్కేటింగ్ దాని పరిధిలోకి రాదని చెప్పి మన బుకింగును రద్దు చేశారు. శుక్రవారంలోగా కొత్త పత్రం ఇస్తే మళ్లీ చూస్తామన్నారు. కోశాధికారి బాబాయి గారు వెంటనే స్పందించాలి.

కోశాధికారి, డిసెంబరు 10, సాయంత్రం 6.30

బీమా ఏజెంటుతో మాట్లాడాను. ఒక్క సాయంత్రానికి అదనపు రక్షణ కావాలంటే 640 డాలర్లు అవుతుంది. భోజనాల ఖర్చు పక్కన పెట్టాక మన ఖాతాలో మిగిలేది 410. హాకీ వదిలేసి, హాలులో క్యారల్స్, భోజనాలతో సరిపెట్టుకోవడం మంచిదని నా అభిప్రాయం.

యువజన విభాగం, డిసెంబరు 10, సాయంత్రం 6.52

బీమా పత్రం నకలు కావాలని అక్టోబరులోనే అడిగాను. అప్పుడే ఇచ్చి ఉంటే రెండు నెలల ముందే ఈ సంగతి తెలిసేది. ముప్ఫై నాలుగు మంది పిల్లలు పేర్లు ఇచ్చారు. వారికి ఇప్పుడు ఆట లేదని చెప్పే బాధ్యతను పెద్దలే తీసుకోవాలి.

కోశాధికారి, డిసెంబరు 10, రాత్రి 7.20

బాబూ, అక్టోబరులో నువ్వు అడిగినది హాలు పత్రం, అది ఇచ్చాను. మంచు మీద ఆటకు వేరే పత్రం కావాలని అరీనా వారు అప్పుడు మనకు చెప్పలేదు. ఆరేళ్లుగా ప్రతి డాలరుకూ లెక్క రాస్తున్న మనిషిని అందరి ముందు ఇలా నిలదీయడం నాకు బాధ కలిగించింది. క్రిస్మస్ అంటే ఆరాధన, పాటలు, కలిసి తినడం. దానికి హాకీ ఎందుకు తోడు కావాలో నాకు నిజంగానే బోధపడడం లేదు.

క్యారల్స్ బృందం, డిసెంబరు 10, రాత్రి 8.45

అన్నయ్యా, ఆ ప్రశ్నకు ఒక తల్లిగా జవాబు చెబుతాను. గుంటూరు దగ్గర మా ఊళ్లో డిసెంబరు వచ్చిందంటే వెదురుబద్దలతో నక్షత్రం కట్టి, రంగు కాగితాలు అతికించి, లోపల దీపం పెట్టి, దాన్ని కర్రకు ఎత్తుకుని రాత్రంతా ఇల్లిల్లూ తిరిగి పాడేవాళ్లం. నా పిల్లలకు ఆ చలి రాత్రులు తెలియవు. వాళ్లకు తెలిసిన డిసెంబరు వేరు: బడి అయ్యాక మంచు రింకు, ఇరవై ఆరో తేదీ నుంచి ప్రపంచ జూనియర్ హాకీ పోటీలు, క్రిస్మస్ చెట్టు కింద కొత్త హాకీ కర్ర దొరుకుతుందేమోనన్న ఆశ. 1920లో ఆంట్వెర్ప్‌లో ఐస్ హాకీలో ఒలింపిక్ స్వర్ణం గెలిచిన మన ఊరి ఫాల్కన్స్ జట్టులో దాదాపు అందరూ ఐస్‌లాండ్ నుంచి వలస వచ్చిన కుటుంబాల పిల్లలే. ఈ ఊళ్లో ఆ ఆట ఆడిన వలసబిడ్డలలో మన పిల్లలు మొదటివారేమీ కారు. మన పండుగలో వాళ్ల డిసెంబరుకు కూడా చోటు ఉండాలని నా కోరిక.

యువజన విభాగం, డిసెంబరు 10, రాత్రి 9.30

బాబాయి గారూ, పాత ఉత్తరాలు మళ్లీ చూశాను. మీరు చెప్పినదే నిజం, నేను హాలు పత్రమే అడిగాను. తొందరపడి మాట జారినందుకు క్షమించండి.

ఒక ఆలోచన చెబుతాను. మా పేటలోని కమ్యూనిటీ సెంటరులో చిన్న హాలు, పక్కనే ఆరుబయట రింకు ఉన్నాయి. వినిపెగ్‌లో పెద్దవాళ్లు కూడా ఇష్టంగా ఆడే స్పాంజీ అనే మంచు హాకీ అయితే స్కేట్లు అక్కర్లేదు. మామూలు బూట్లతో, మెత్తటి స్పాంజి పక్‌తో (కర్రతో కొట్టే బిళ్లతో) ఆడతారు. ఎప్పుడూ స్కేటు కట్టని మన అమ్మానాన్నలు కూడా దిగవచ్చు.

కోశాధికారి, డిసెంబరు 11, ఉదయం 8.10

క్షమాపణ దాకా అవసరం లేదు బాబూ, నేను కూడా కాస్త కఠినంగానే రాశాను. ఆ సెంటరు సమన్వయకర్తతో ఇప్పుడే మాట్లాడాను. రింకు అందరిదీ కనుక మన కోసం ప్రత్యేకించరు, దానికి పత్రం అడగరు. వేరేవారు వస్తే చోటు పంచుకోవాలి. హాలుకు మనకున్న బీమా సరిపోతుంది, అద్దె 180 డాలర్లు. మిగిలిన దానితో పక్‌లు, కొన్ని కర్రలు కొనడానికి నాకు అభ్యంతరం లేదు. పిల్లలందరికీ హెల్మెట్లు మాత్రం తప్పనిసరి.

భోజనాల బాధ్యురాలు, డిసెంబరు 11, మధ్యాహ్నం 12.20

ఆ హాలులో అరవై మందికి మించి కూర్చోలేరు, వంటగది చిన్నది. కాబట్టి బిరియానీ మానేసి, చేతిలో పట్టుకుని తినగలిగే ఎగ్ పఫ్‌లు, అరిసెలు, పెద్ద పాత్రలతో అల్లం టీ పెడతాను. సగం మంది ఆడుతుంటే సగం మంది తింటారు.

క్యారల్స్ బృందం, డిసెంబరు 11, సాయంత్రం 5.40

కీబోర్డు ఆ చలికి తట్టుకోదు, గిటారు తీగల శ్రుతి కూడా నిలవదు. అందుకని మైకులు లేకుండా, చప్పట్లతో, ఊళ్లో పాడినట్టే రింకు చుట్టూ నడుస్తూ పాడతాం. మా ఆయన ఈ రాత్రే నక్షత్రం కడుతున్నారు. వెదురు దొరకలేదు, విరిగిన హాకీ కర్రలు ఐదు ఉంటే చాలునంటున్నారు. లోపల బ్యాటరీ దీపం పెడతారట.

కార్యదర్శి, డిసెంబరు 18, రాత్రి 9.00

గాలితో కలిపి చలి మైనస్ 28 డిగ్రీలు దాటితే తెరిచి ఉన్న చర్మం పది నుంచి ముప్ఫై నిమిషాల్లో గడ్డకట్టవచ్చు కనుక ఆ పరిస్థితిలో ఆట ఆపేసి అందరం హాలులోకి వస్తాం. శనివారం మైనస్ 17 అంటున్నారు, అంత దాకా రాకపోవచ్చు. వేదిక అలంకరణకు, పార్కింగుకు ఎవరూ పేరు ఇవ్వలేదు, ఇక అక్కర్లేదు కూడా.

యువజన విభాగం, డిసెంబరు 18, రాత్రి 9.25

విరిగిన కర్రలు ఐదూ ఇచ్చేశాను. టెడ్డీబేర్లు ఇప్పటికి నలభై ఏడు చేరాయి; బొమ్మలు మంచుకు తడవకుండా ఒక్కొక్కటి పారదర్శకమైన సంచిలో కట్టి తీసుకురండి. క్రిస్మస్ తాత వేషంలో గోలు దగ్గర నిలబడటానికి బాబాయి గారు ఒప్పుకున్నారు. వారి సైజు బూట్లు, పదకొండు నంబరు, ఎవరి దగ్గరైనా ఉన్నాయా?