ఆల్టోలో హోరు: బేరింగ్ విప్పించాలా, ముందు టైర్లు చూడాలా?

నల్లగొండ ఆల్టో

నాది 2008 ఆల్టో, 1,12,000 కిలోమీటర్లు తిరిగింది. ఉద్యోగం కోసం రోజూ నల్లగొండ నుంచి దేవరకొండ పోయి వస్తాను. రెండు నెలలుగా బండి యాభై దాటగానే ‘గూఁ’ అని ఒక హోరు మొదలవుతోంది. డెబ్బైకి వచ్చేసరికి పక్క సీట్లో మనిషితో గొంతు పెంచి మాట్లాడాల్సి వస్తోంది. షెడ్డులో మెకానిక్ ఒక రౌండు తిప్పి, "ముందు కుడి చక్రం బేరింగ్ పోయింది. ముందువి రెండూ మార్చేద్దాం" అన్నాడు. మా బావ మాత్రం టైర్లు ఎగుడుదిగుడుగా అరిగాయి, బేరింగ్ జోలికి పోకు అంటున్నాడు. టైర్లు వేసి నాలుగేళ్లయింది. రెండు పనులూ చేయించే డబ్బు ఈ నెల నా దగ్గర లేదు. ఏది ముందు చేయించాలి?

పాలమూరు ప్రయాణం

అన్నా, బేరింగే. ఆలస్యం చేయకండి. నాది పాత వ్యాగన్‌ఆర్. జడ్చర్ల, కొత్తకోట మధ్య 44వ నంబర్ హైవే మీద ఇలాంటి హోరుతోనే నాలుగు నెలలు తిరిగాను, టైర్లే అనుకుంటూ. ఒకరోజు భూత్పూర్ దగ్గర బ్రేకు తొక్కితే పెడల్ చాలా కిందికి దిగిపోయింది. మళ్లీ తొక్కితే పట్టింది. బేరింగ్ వదులైపోవడంతో చక్రంతోపాటు డిస్కు కూడా ఊగి, బ్రేకు ప్యాడ్లను వెనక్కి నెట్టేసిందని తర్వాత తెలిసింది. అందుకే మొదటి తొక్కుకు బ్రేకు అందలేదు. ఎదురుగా ధాన్యం లారీ ఉండి ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. టైరు మోత చెవులకు ఇబ్బంది, అంతే. బేరింగ్ మోత ప్రాణానికి సంబంధించింది. అనుమానం ఉంటే బేరింగే ముందు.

మిర్యాలగూడ టైర్లు

అనుమానంతో బేరింగులు మార్చుకుంటూ పోతే నాలుగూ మార్చాక కూడా మోత అలాగే ఉండొచ్చు. నేను టైరు షాపులో పదకొండేళ్లుగా పనిచేస్తున్నాను. అలా మార్చుకుని వచ్చినవాళ్లను చూశాను, పాపం అనిపిస్తుంది.

ముందు అరచేతిని టైరు మీద పెట్టి ఒకసారి ముందుకు, ఒకసారి వెనక్కి నిమరండి. పోయేటప్పుడు నున్నగా ఉండి, వచ్చేటప్పుడు రంపం పళ్లలా గీరుకుంటే టైరు మోగుతుంది. అలైన్‌మెంట్ తప్పితే టైరు అలా అరుగుతుంది. షాకబ్జర్లు బలం తగ్గితే ఒకచోట గుంట, ఒకచోట గట్టు లాగా అరుగుతుంది. రెండో గుర్తు రోడ్డు. కొత్త తారు మీద ఒక రకంగా, ఊళ్లోని సిమెంటు రోడ్డు మీద ఇంకో రకంగా వినిపిస్తే టైరు అనుకోండి. రోడ్డు మారినా అదే హోరు ఉంటే అప్పుడు బేరింగ్ గురించి ఆలోచించండి.

ఇంకా తేలకపోతే ముందు టైర్లు వెనక్కి, వెనకవి ముందుకు మార్చండి. కుడివి కుడివైపే, ఎడమవి ఎడమవైపే ఉంచండి. మోత చోటు మారితే దొంగ టైరే. అరగంట పని, ఖర్చు లేదు.

పాలమూరు ప్రయాణం

చక్రం వదులుగా ఉందో లేదో చూడకుండా టైర్లు మార్చుకుని మళ్లీ ఎనభైలో తిప్పి చూడమంటారా అన్నా? మీ పరీక్ష మంచిదే, కానీ జాకీ ఎక్కించినప్పుడే ముందుగా చక్రం పట్టుకుని ఊపి చూడమని చెప్పండి.

హాలియా లేత్ పని

ఇది మాత్రం నిజం. చక్రం ఊపి చూడడం అన్నిటికంటే ముందు చేయాల్సిన పని. బేరింగులు కూర్చునే హబ్బులు, బ్రేకు డ్రమ్ములు ప్రెస్సు (ఒత్తిడి మిషను) మీద విప్పి ఎక్కించే పని ఇరవై ఆరేళ్లుగా చేస్తున్నాను కాబట్టి కొంచెం పొడుగ్గా రాస్తున్నాను. విసుగు అనుకోకండి.

మీ చక్రం చుట్టుకొలత 1.7 మీటర్ల లోపే. అంటే అరవైలో పోతుంటే సెకనుకు దాదాపు పది చుట్లు తిరుగుతుంది. చుట్టుకు ఒకసారి వచ్చే చప్పుడైతే ‘దడ్ దడ్’ అని విడివిడిగా తెలుస్తుంది, అది వంకర డ్రమ్మో ఉబ్బిన టైరో కావచ్చు. బేరింగ్‌లో రెండు రింగుల మధ్య తిరిగే గోళీలన్నీ దెబ్బతిన్న చోటు మీది నుంచి దాటుతాయి, అందుకే చప్పుళ్లు కలిసిపోయి హోరవుతుంది. పగిలిన చోటు చిన్నదే అయినా మోత పెద్దది.

మొదటి పరీక్ష: ఖాళీ రోడ్డు మీద అరవైలో న్యూట్రల్ వేయండి. ఇంజన్ ఆపొద్దు, స్టీరింగ్ బిగుసుకుంటే ప్రమాదం. ఇంజన్ చప్పుడు పడిపోయినా హోరు అలాగే ఉండి, బండి నెమ్మదించే కొద్దీ తగ్గితే అది చక్రాల వైపు నుంచి వస్తోంది. ఎక్సలేటర్ తొక్కితే ఒక రకం, వదిలితే ఇంకో రకం మోగితే గేర్‌బాక్స్ లోపలి బేరింగులను కూడా అనుమానించాలి. స్టీరింగ్ పూర్తిగా తిప్పినప్పుడు కటకటమంటే అది యాక్సిల్ జాయింటు, వేరే కథ.

రెండోది అందరూ చెప్పే మలుపు పరీక్ష. కుడికి తిరిగితే బరువు ఎడమ చక్రాల మీద పడుతుంది, కాబట్టి హోరు పెరిగితే ఎడమ బేరింగ్ అంటారు. చాలాసార్లు నిజమే. కానీ మలుపులో లోపలి చక్రం మీద కూడా పక్క నుంచి తోపు ఉంటుంది. గోళీలు రెండు వరుసలుండే బేరింగ్‌లో ఏ వరుస దెబ్బతిన్నదో దాన్నిబట్టి లోపలి చక్రమే అరవొచ్చు. నేను కుడిది విప్పి మంచిదని చూసి సిగ్గుపడి, మళ్లీ ఎడమది విప్పిన రోజులున్నాయి. అందుకే మలుపు మాట ఒక్కటే నమ్మి ఎవరి జేబుకూ చిల్లు పెట్టను.

మూడోది జాకీ. హ్యాండ్ బ్రేకు వేసి, నేల మీద ఉండే చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టి, బండి కింద స్టాండు పెట్టాకే ముందు చక్రాలు పట్టుకోండి. చక్రాన్ని పైన, కింద పట్టి ఊపితే ‘టక్’ మని కదిలిందనుకోండి. ఇంకో మనిషితో బ్రేకు తొక్కించి మళ్లీ ఊపండి. ఆ కదలిక పోతే బేరింగ్. పోకపోతే బాల్ జాయింట్ లాంటిది వదులైంది. కుడి ఎడమలు పట్టి ఊపితేనే కదిలితే స్టీరింగ్ రాడ్లు చూడండి. వెనక చక్రాలకు హ్యాండ్ బ్రేకు వదిలి, గేరు వేసి, ముందు చక్రాలకు రాళ్లు పెట్టి ఇదే చేయండి.

ఊగకపోయినా బేరింగ్ బాగుందని కాదు, మోత ముందు, ఊగుడు తర్వాత. ఇక్కడ నాకు అన్నిటికంటే నమ్మకమైన పరీక్ష స్ప్రింగు. ఒక చేత్తో చక్రం తిప్పుతూ, రెండో చేతి వేళ్లు కాయిల్ స్ప్రింగు మీద తేలిగ్గా ఆనించండి, చక్రానికి తగలకుండా. మంచి బేరింగ్ అయితే ఏమీ తెలియదు. పోయినదైతే ఇసుక నములుతున్నట్టు సన్నటి గరగర వేళ్లకు తగులుతుంది. చెవి మోసపోయినా వేలు మోసపోదు.

చివరగా, మీ మెకానిక్ కుడి సీట్లో కూర్చుని కుడి ముందుది అన్నాడు. తప్పు పట్టడం లేదు, దగ్గరున్న మోతే పెద్దగా వినిపిస్తుంది. వెనక సీట్లో ఎవరినైనా కూర్చోబెట్టి విన్నారా? ఆల్టో వెనక చక్రాలు రెండూ ఒకే ఇరుసు మీద ఉంటాయి. ఒకవైపు మోత ఇరుసు మీదుగా బాడీకి ఎక్కి ఎటు నుంచైనా వచ్చినట్టు ఉంటుంది.

నల్లగొండ ఆల్టో

లేత్ అన్నా, చాలా థ్యాంక్స్. ఆదివారం ఉదయం అన్నీ చేశాను.

న్యూట్రల్‌లో హోరు అలాగే ఉంది. సిమెంటు రోడ్డు మీద స్వరం కొంచెం మారింది కానీ హోరు పోలేదు. ముందు టైర్లు నిమిరితే నిజంగానే రంపం పళ్లలా ఉన్నాయి, కాబట్టి బావ చెప్పింది కూడా కొంత నిజమే. పానగల్ దాటాక ఖాళీ రోడ్డు మీద తమ్ముడికి బండి ఇచ్చి నేను వెనక కూర్చున్నాను. పక్కన నాన్న. "ఈ పక్క నా కాళ్ల కింద అదురుతుందిరా, ఎప్పటి నుంచో చెబుదామనుకుంటున్నా" అన్నాడు. ఆయన ఎప్పుడూ కూర్చునేది ఎడమవైపు వెనక సీట్లోనే. రెండు నెలలుగా నేను ఆ సీట్లో ఒక్కసారి కూడా కూర్చోలేదు.

జాకీ ఎక్కిస్తే ఏ చక్రమూ ఊగలేదు. వెనక ఎడమ చక్రం తిప్పి స్ప్రింగు మీద వేళ్లు పెడితే మాత్రం మీరు చెప్పిన గరగర స్పష్టంగా తగిలింది. వెనక కుడిది నున్నగా తిరిగింది. ముందువి కూడా అంతే.

మిర్యాలగూడ టైర్లు

నేను టైరు అన్నాను, కొంతే నిజమైంది. ఒప్పుకుంటున్నాను. వెనకవి రెండూ ఒకేసారి మార్చేయండి. ఒకే రోజు ఫ్యాక్టరీలో ఎక్కినవి, ఒకే దారి తిరిగినవి.

హాలియా లేత్ పని

ఇక్కడ మీతో ఒప్పుకోను. బాగున్న బేరింగ్‌ను డ్రమ్ములోంచి కొట్టి తీస్తే అది మళ్లీ పనికిరాదు. దాని స్థానంలో వచ్చేది నకిలీ కాదని గ్యారంటీ ఏమిటి? పాత అసలుది గరగరలాడేదాకా ఉండనివ్వండి. షాకబ్జర్లైతే జతగా మార్చమంటాను, ఎందుకంటే ఒకటి గట్టిగా, ఒకటి మెత్తగా ఉంటే బండి ఒకవైపు ఊగుతుంది. బేరింగ్‌కు ఆ గొడవ లేదు.

ఎక్కించేటప్పుడు మాత్రం దగ్గరుండి చూడండి. డ్రమ్ములోకి పోయే బేరింగ్‌కు ఒత్తిడి బయటి రింగు మీదే పడాలి. లోపలి రింగు మీద సుత్తితో కొడితే దెబ్బ గోళీల మీదుగా పోయి, అవి తిరిగే దారిలో గుంటలు పడతాయి, కొత్తది నెలకే హోరుమంటుంది. నట్టు టార్క్ రెంచితో (బిగింపు ఎంతో కొలిచే రెంచి) బిగించమనండి. ఏబీఎస్ (బ్రేకు గట్టిగా తొక్కినా చక్రాలు బిగుసుకోకుండా చూసేది) ఉన్న కొత్త బండ్లలో కొన్ని బేరింగులకు ఒకవైపు సీలులో అయస్కాంతం ఉంటుంది, తిరగేసి ఎక్కిస్తే ఏబీఎస్ దీపం వెలుగుతుంది. మీ ఆల్టోకు ఆ బెంగ లేదు.

నల్లగొండ ఆల్టో

నిన్న వెనక ఎడమది ప్రెస్సు మీద మార్చారు. పాతది కోసి చూపించమన్నాను. లోపలి దారి మీద ఒకచోట జొన్న గింజంత పెచ్చు లేచి ఉంది. గ్రీజు తుప్పు రంగుకు తిరిగి పిండిలా ఎండిపోయింది. పోయిన వానాకాలంలో ఒక వాగు మీద లో లెవల్ వంతెన దాటేటప్పుడు ఎడమవైపు నీళ్లు చక్రం సగం దాకా వచ్చాయి. సీలులోంచి నీరు దిగి ఉంటుందని మేస్త్రీ అన్నాడు.

సాయంత్రం నాన్నను ఎక్కించుకుని దేవరకొండ రోడ్డు మీద డెబ్బైలో పోయాను. హోరు పోయింది. సిమెంటు రోడ్డు వచ్చినప్పుడు ముందు టైర్ల సన్నటి గుయ్యిమనే మోత మాత్రం ఉంది. వచ్చే నెల జీతం రాగానే అలైన్‌మెంట్ చేయిస్తాను.

పాలమూరు ప్రయాణం

సంతోషం అన్నా. కానీ అదే వాగులో కుడి చక్రం కూడా దిగింది కదా. నేనైతే రెండోది కూడా మార్చేవాణ్ని.

హాలియా లేత్ పని

దిగింది. అందుకే ప్రతి ఐదు వేల కిలోమీటర్లకు దాన్ని జాకీ ఎక్కించి, స్ప్రింగు మీద వేలు పెట్టి చూడమనండి. గరగర తగిలిన రోజు మార్చుకుంటాడు.