పాపకి 15 నిండకముందే హెచ్‌పీవీ టీకా వేయించాలా? ఇంట్లో ఒప్పుకోవడం లేదు

ప్రశ్న: భద్రాచలం అమ్మ
మా పాపకి వచ్చే నెల 18న పదిహేనేళ్ళు నిండుతాయి. పుట్టినరోజులోపు హెచ్‌పీవీ (గర్భసంచి ముఖద్వారం క్యాన్సర్ తెచ్చే వైరస్) టీకా మొదటి డోసు వేయిస్తే రెండు డోసులు చాలు, దాటితే మూడు అని డాక్టర్ గారు చీటీ రాసిచ్చారు. అది పది రోజులుగా ఫ్రిజ్ మీదే ఉంది. 2009లో ఇక్కడి హాస్టల్ పిల్లలకి వేసిన సూది ఇదేనట, పిల్లలు చనిపోయారట, మా అత్తమ్మ వద్దంటోంది. పైగా "పెళ్ళి కూడా కాని పిల్లకి గర్భసంచి సూదా?" అంటోంది. మా ఆయన పేపర్లోంచి తల ఎత్తరు. ఏం చేయాలి?

జవాబు: రిటైర్డ్ ఏఎన్ఎం
అమ్మా, మీ అత్తమ్మ కల్పించి చెప్పడం లేదు. అప్పటి మన ఖమ్మం జిల్లాలో ఆ టీకా కార్యక్రమం జరిగింది, 2010 ఏప్రిల్‌లో ఆపేశారు. ఇక్కడ, గుజరాత్‌లో కలిపి ఏడుగురు పిల్లలు పోయారు. పురుగుమందు, నీళ్ళలో మునగడం, పాముకాటు, జ్వరం... విచారణలో బయటపడిన కారణాలివి. టీకా వల్ల పోయినట్టు తేలలేదు. అసలు తప్పు ఏంటంటే, చాలా ఫారాల మీద అమ్మానాన్నల బదులు హాస్టల్ వార్డెన్లు సంతకాలు పెట్టేశారు. జనానికి కోపం రాక ఏమవుతుంది?

ఇక పెళ్ళి మాట. ఈ వైరస్ శారీరక సంబంధంతో అంటుతుంది. ఒకసారి ఒంట్లో చేరాక టీకా దాన్ని తరమలేదు. తట్టు పోశాక తట్టు టీకా వేయిస్తామా అని అడిగి చూడండి.

జవాబు: ఇద్దరాడపిల్లల నాన్న
మా వాళ్ళకి సెర్వావాక్ వేయించాం, పుణె సీరం వాళ్ళది. విదేశీ కంపెనీ టీకా గార్డాసిల్ కంటే ధర తక్కువ. చిన్నదానికి 12, రెండు డోసులతో అయిపోయింది. పెద్దదానికి 19, మూడు పడ్డాయి. పావుగంట కూర్చోమని నర్సు చెప్తున్నా వినకుండా ఫోన్ చూసుకుంటూ లేచింది, తలుపు దగ్గర కళ్ళు తిరిగి నా మీద పడింది. చెయ్యి రెండ్రోజులు నొప్పి, అంతే.

జవాబు: పిన్ని కూతురు
మా పిన్నికి ముట్లు ఆగిన నాలుగేళ్ళకి మళ్ళీ ఎరుపు కనబడింది. వేడి చేసిందనుకుని ఏడు నెలలు సబ్జా నీళ్ళు తాగింది. ఆస్పత్రికి వెళ్ళేసరికి ఆపరేషన్ చేసే దశ దాటిపోయింది. ఈ గర్భసంచి ముఖద్వారం క్యాన్సర్లలో నూటికి 70 దాకా హెచ్‌పీవీ 16, హెచ్‌పీవీ 18 అనే రెండు రకాల వల్లే, టీకా ఆపేది ముఖ్యంగా వాటినే. మిగతావి ఉన్నాయి కాబట్టి పాప పెద్దయ్యాక కూడా పాప్ స్మియర్ (గర్భసంచి ముఖద్వారం దగ్గర కణాలు తీసి చేసే పరీక్ష) మానకూడదు. మీరు చేయించుకున్నారా?

భద్రాచలం అమ్మ
లేదండీ. సిగ్గేసింది ఆ మాట చదివితే.
అత్తమ్మకి ఇవన్నీ చదివి వినిపించాను. వార్డెన్ల సంగతి రెండుసార్లు చదివించుకుని, "ఈసారి సంతకం ఎవరిది?" అంది. నాదే అన్నాను. శనివారం వెళ్తున్నాం. ఇప్పుడు టెన్షన్ పాపకే, కళ్ళు తిరుగుతాయని. టిఫిన్ తిని వెళ్ళొచ్చా?

రిటైర్డ్ ఏఎన్ఎం
తినే వెళ్ళండి. భుజానికి వేస్తారు, చేతులు వదులుగా ఉన్న డ్రెస్ వేయండి.