‘డిసింట్రెస్టెడ్’ అంటే ఆసక్తి లేకపోవడమేనా?

ప్రశ్న: ఒక వీలునామా నమూనాను తెలుగులోకి తెస్తున్నాను. అందులో ‘డిసింట్రెస్టెడ్ విట్నెస్’ అని ఉంది. ‘ఆసక్తి లేని సాక్షి’ అని రాశాను కానీ మనసొప్పడం లేదు. ఆసక్తే లేనివాడు వచ్చి సంతకం ఎందుకు పెడతాడు? తెలిసినవారు చెప్పగలరు.

జవాబు: మీ అనుమానం సరైనదేనండి. చిక్కంతా ‘ఇంట్రెస్ట్’ దగ్గర ఉంది. మనం రోజూ వాడే ఇంట్రెస్టుకు ఆసక్తి అనే అర్థం ఒక్కటే మిగిలింది. ఇంగ్లీషులో దానికి వడ్డీ అన్న అర్థమూ ఉంది, వాటా, స్వప్రయోజనం అన్న అర్థమూ ఉంది. మీ వాక్యంలో ఉన్నది ఈ చివరిదే. వీలునామా వల్ల తనకు ఏమీ దక్కనివాడే ఆ సాక్షి. ఆసక్తి లేకపోవడాన్ని చెప్పే మాట ‘అనింట్రెస్టెడ్’.

న్యాయమూర్తి విషయంలో చూడండి. డిసింట్రెస్టెడ్ అయిన న్యాయమూర్తి ప్రతి మాటా చెవి ఒగ్గి వింటాడు, ఎవరు గెలిచినా ఆయనకు ఒరిగేది లేదు. అనింట్రెస్టెడ్ అయితే వాదన నడుస్తుండగానే కునుకు తీస్తాడు. మొదటివాడు దొరకడం కక్షిదారు అదృష్టం, రెండోవాడు దొరకడం ఖర్మ. ఇంత తేడా ఉన్న మాటలను ఒకే గాట కట్టడం నాకు నిజంగా బాధ కలిగిస్తుంది.

రాసేటప్పుడు ఒక గుర్తు: ‘ఇన్’ అనే విభక్తి తగిలించాలనిపిస్తే మీకు కావలసింది దాదాపు ఎప్పుడూ ‘అనింట్రెస్టెడ్’.

మరొకరు: నిఘంటువుల్లో డిసింట్రెస్టెడ్‌కు ‘ఆసక్తి లేని’ అన్న అర్థమూ ఇస్తున్నారు కదండీ. రెండింటికీ సరిపోయేలా ‘ఉదాసీన సాక్షి’ అంటే?

జవాబు: ఇస్తున్నారు, నిజమే. 17వ శతాబ్దంలోనూ ఆ అర్థంలో వాడారు. అయినా పత్రాల్లో, తీర్పుల్లో, వ్యాసాల్లో ‘స్వప్రయోజనం లేని’ అన్న అర్థానికే కట్టుబడడం మేలు. అక్కడ రెండర్థాలకు తావిస్తే తగాదాకు తావిచ్చినట్లే.

ఇక ‘ఉదాసీన’. మంచి మాట ఎత్తారు, ఎందుకంటే అదీ ఇదే దారిన నడిచింది. సంస్కృతంలో ఉదాసీనుడంటే ఏ పక్షమూ వహించక ఎడంగా కూర్చున్నవాడు. భగవద్గీత 12వ అధ్యాయంలో ‘అనపేక్షః శుచిర్దక్ష ఉదాసీనో గతవ్యథః’ అన్నది భక్తుడి గుణాలను మెచ్చుకుంటూ చెప్పిన మాట. ‘దక్షః’ పక్కనే ‘ఉదాసీనః’ ఉంది, చూశారా? సమర్థుడే, కానీ పక్షపాతం లేనివాడు. ఇప్పుడు తెలుగులో ‘అధికారుల ఉదాసీనత’ అంటే తిట్టే. ‘ఉదాసీన సాక్షి’ అని రాస్తే ఏమీ పట్టించుకోని మనిషే కళ్లముందు నిలుస్తాడు.

‘తటస్థ’ దీనికన్నా నయం. తటం అంటే గట్టు, తటస్థుడు గట్టున నిలిచినవాడు. ఇంట్రెస్టుకు మూలమైన లాటిన్ మాటకు ‘మధ్యలో ఉండడం’ అని అర్థం. ఏటి మధ్య లేనివాడు గట్టునే కదా ఉంటాడు! మాట అందంగా అమరుతుంది కానీ, వీలునామాలో మాత్రం అది చాలదు, వాటా సంగతి చదివేవారికి తట్టదు. ‘ఈ ఆస్తిలో వాటా గానీ ప్రయోజనం గానీ లేని సాక్షి’ అని విడమరిచి రాయండి.

ప్రశ్న అడిగినవారు: అలాగే మార్చానండి. మరో పేజీలో ‘డిసింట్రెస్టెడ్ అడ్వైస్’ అని ఉంది. ‘నిస్వార్థమైన సలహా’ అనవచ్చా?

జవాబు: నిక్షేపంగా. అక్కడ వాటా ఊసు అక్కరలేదు.